దిద్దని కీబోర్డు

మాది ఉట్నూరు ఏజెన్సీ. బడి పిల్లల కోసం గోండి మాటలు నా పాత ట్యాబులో రాసిపెడుతుంటాను. తెర మీద టైపు చేస్తే సగం తెర అక్షరాలకే పోయేది. "యేర్" అని కొడితే దానంతటదే "ఏరు" అయ్యేది. మాకు యేర్ అంటే నీళ్లు, తెలుగులో ఏరు అంటే వాగు. మా మాటనే తప్పనుకుని దిద్దేది.

కంప్యూటరు కీబోర్డును ఓటీజీ వైరుతో తగిలించాను. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో గుణింతాలు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వస్తాయి. షిఫ్టుతో "క" నొక్కితే "ఖ". నెలలో చేయి తిరిగింది.

అమ్మ విత్తనాల పేర్లు చెబుతుంటే ఆమె ముఖం చూస్తూనే కొట్టాను. ఆ వేసవిలోనే అమ్మ పోయింది.

మొన్న మూడో తరగతి పిల్ల ఆ పేజీ చదివి, "సార్, ఇవి మా ఇంట్లో మాటలే" అంది.