ఎర్ర గేటు ముందు విన్న పాట

ఇంజినీరింగ్ హాస్టల్లో మా రూమ్మేట్ ఒకడు రోజూ రాత్రి ఒకే పాట పెట్టేవాడు. బీటిల్స్ వాళ్ల 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్'. వాక్యం మొదలవుతుంది, మధ్యలో తెగిపోతుంది. ఒక మాట అని, వెంటనే వెనక్కి తీసుకుంటాడు పాడేవాడు. "మత్తులో రాసింది రా ఇది, అర్థం వెతక్కు" అని మేమంతా నవ్వేశాం. వాడేం మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు.

పోయినేడాది ఆఫీస్ పని మీద లండన్ వెళ్లినప్పుడు ఒక శనివారం ఖాళీ దొరికింది. యూస్టన్ స్టేషన్లో రైలెక్కితే రెండు గంటలు దాటేసరికి లివర్‌పూల్. అక్కణ్నుంచి సిటీ బస్సులో వూల్టన్. పెద్ద చెట్లు, సద్దుమణిగిన వీధులు. బీకన్స్‌ఫీల్డ్ రోడ్డులో నడుస్తుంటే ఒక ఎర్ర ఇనుప గేటు. పక్కన స్తంభాల మీద పేరు.

అవును, స్ట్రాబెర్రీ ఫీల్డ్ కలలో తోట కాదు... అడ్రస్!

1936లో సాల్వేషన్ ఆర్మీ ఇక్కడ అనాథ పిల్లల కోసం హోమ్ తెరిచింది. జాన్ లెనన్ పెరిగిన ఇల్లు ఇక్కడికి నడిచి వెళ్లేంత దూరమే. అది వాళ్ల పెద్దమ్మ మిమీ ఇల్లు. అమ్మానాన్నలు విడిపోయాక ఆవిడే పెంచింది. ఏటా వేసవిలో హోమ్‌లో జరిగే సంబరానికి తీసుకెళ్లేది. మిగతా రోజుల్లో పిల్లాడు ఈ తోటలో దూరి ఆడుకునేవాడు. 1958లో ఆ పెద్దమ్మ ఇంటి దగ్గరే కారు గుద్ది వాళ్లమ్మ చనిపోయింది. అప్పటికి లెనన్‌కి పదిహేడేళ్లు.

ఈ పాటని అతను 1966లో స్పెయిన్‌లో, సినిమా షూటింగ్‌లో ఉన్నప్పుడు రాశాడు. చిన్నప్పటి నుంచీ తాను అందరిలా లేనని, తనకి పిచ్చా లేక తెలివి ఎక్కువా అని అనుమానపడేవాణ్నని తర్వాత ఇంటర్వ్యూలో చెప్పాడు. అది తెలిశాక ఆ తెగిపోయే వాక్యాలు వేరేగా వినిపించాయి. మనసులో మాట చెప్పబోయి "అంటే... అది కాదు..." అని మనం తడబడతామే, అలా.

అలాగని ప్రతి పాటకీ ఇలాంటి అడ్రస్ దొరకదు. తను చదివిన స్కూల్లో పిల్లల చేత బీటిల్స్ పాటలకి అర్థాలు రాయిస్తున్నారని తెలిసి, లెనన్ కావాలనే తికమక పెట్టేలా 'ఐ యామ్ ది వాల్రస్' రాశాడు. అందుకే ముందు పాట వినాలి, తీర్పు తర్వాత.

మీరు వెళ్తే... రోడ్డు మీది గేటు నకలు. అసలు గేటు లోపల భద్రంగా ఉంది. హోమ్ 2005లో మూతపడింది. 2019లో అక్కడ ఎగ్జిబిషన్, కేఫ్, నేర్చుకోవడంలో ఇబ్బందులున్న యువతకి ఉద్యోగ శిక్షణ మొదలయ్యాయి. గేటు ముందు నిలబడి పాట వినండి. సరిగ్గా నిమిషం దగ్గర చెవి పెట్టండి. వేరే స్పీడులో, వేరే శ్రుతిలో చేసిన రెండు రికార్డింగులని అక్కడ అతికించారు.

నేను గేటు ఫొటో తీసి ఆ రూమ్మేట్‌కి పంపాను. ఆరేళ్ల తర్వాత మొదటి మెసేజ్. "అప్పుడు నవ్వాం, సారీ రా. నీకు ఇందులో ఏం వినిపించేది?" అని అడిగాను.

రెండు రోజులకి వాయిస్ మెసేజ్ వచ్చింది. పాట నాలుగు నిమిషాలే. వాడు ఏడు నిమిషాలు మాట్లాడాడు.