గుడ్డ చుట్టిన పార్లమెంటు

రాత్రి యూట్యూబ్‌లో కళాకారులు క్రిస్టో, జాన్ క్లోద్ దంపతుల పాత వీడియోలు చూస్తూ కూర్చున్నా. 1995లో బెర్లిన్‌లోని పార్లమెంటు భవనం రైఖ్‌స్టాగ్‌ని పునాది నుంచి బురుజుల దాకా వెండి రంగు గుడ్డతో చుట్టేశారు. లక్ష చదరపు మీటర్ల గుడ్డ! కొండలెక్కేవాళ్లు తాళ్లకు వేలాడుతూ పైనుంచి దాన్ని మెల్లగా కిందికి వదులుతుంటే చూడాలి. బిగించి కట్టేయలేదు, కావాలనే ఎక్కువ గుడ్డ వాడారు, పట్టుచీర కుచ్చిళ్లలా మడతలు జారాలని. చెక్కడాలు, కిటికీలు అన్నీ మాయం. భవనం ఆకారం మాత్రం అంతకు ముందెన్నడూ లేనంత స్పష్టంగా కనిపించింది.

ఉంచింది రెండు వారాలే. అనుమతి కోసం తిరిగింది ఇరవై ఏళ్ల పైమాటే. 1994లో జర్మన్ పార్లమెంటు దీనిమీద చర్చ జరిపి, ఏకంగా ఓటింగ్ పెట్టింది: 292 మంది సరే, 223 మంది వద్దు. ఛాన్సలర్ కోల్ కూడా వద్దన్నవాళ్లలోనే. నాకైతే గుడ్డ కంటే ఆ చర్చే పెద్ద కళాఖండం అనిపించింది.

“డబ్బు దండగ” అనేవాళ్లకి ఒక మాట: స్పాన్సర్లు లేరు, టికెట్టు లేదు. క్రిస్టో తన స్కెచ్‌లు అమ్ముకుని ఖర్చు పెట్టుకున్నాడు.

ఇలాగే పారిస్‌లో ఆర్క్ ద ట్రయాంఫ్ తోరణాన్ని చుట్టింది 2021లో, ఆయన పోయిన మరుసటి ఏడాది. అసలు 2020 వసంతంలోనే జరగాల్సింది. ముందు అక్కడ గూడు కట్టుకునే డేగజాతి పిట్టల కోసం వాయిదా వేశారు, తర్వాత కోవిడ్ వచ్చిపడింది.