వంపుహేండిలు సైకిలు

మధ్యతరగతి సంసారములలో మగపిల్లవాడు సైకిలు కావలెననినచో "ఎంత?" అని యడుగుదురు; ఆడపిల్ల కావలెననినచో "ఎందుకు?" అని యడుగుదురు. మా తమ్ముని కుమార్తె విశాఖపట్టణమున నుద్యోగములో చేరిన కొన్నినెలలకు, తన జీతములో మిగిల్చుకొన్న 35,000 రూపాయలతో రోడ్డుసైకిలు కొందునని చెప్పినప్పుడు మా యింట వినబడినది రెండవ ప్రశ్నయే. స్కూటరుండగా సైకిలేల యని యొకరు, ముందునకు వంగి యూరిలో తిరుగుట బాగుండునా యని మఱియొకరు. ఉదయమున సముద్రపుటొడ్డు బాటవెంట భీమునిపట్నము వఱకు పోయి రావలెనని యామె కోరిక. సొమ్మామెది, కాళ్లామెవి. ఆమె మమ్మడిగినది వేఱొకటి: మొదటిసారి కొనువారు తక్కువ సొమ్ముతో మోసపోకుండ నెట్లు కొనవలెను? ఈ ప్రశ్న మాకు నచ్చినది.

మొదట పోయిన దుకాణమున, పేరు చెప్పనేల, బుట్టగల "లేడీసు సైకిలు"ను ముందుకు నెట్టిరి. వద్దనినంతట లావుపాటి టైరులు, ముందు స్ప్రింగులు, రెండు చక్రములకును డిస్కుబ్రేకులు, 21 గేర్లు గల బండిని 16,000 రూపాయలకు చూపి, "ఇంతకన్న నేమి కావలెనండీ?" అనిరి. కావలసినది ఇంతకన్న తక్కువే. తారురోడ్డుపై స్ప్రింగులు త్రొక్కిన బలమును కొంత మ్రింగి, బండి బరువును పెంచును. 21 గేర్లన్నది ముందున్న 3 పండ్లచక్రములను వెనుకనున్న 7 చక్రములతో గుణించిన లెక్క. అందు పెక్కు ఒకదానికొకటి ఇంచుమించు సమానములే. కొన్నిటిలో గొలుసు ఏటవాలుగా లాగబడును గనుక వాడనేరాదు. ముందు 2, వెనుక 8 గల యమరిక క్రొత్తవారికి ధారాళముగా చాలును. జపానుదేశపు షిమానోవారి వరుసలో దీనికి క్లారిస్ అని పేరు. దానిపైది 9 చక్రముల సోరా, ఆపైది 10 చక్రముల టియాగ్రా. ముందు చిన్నచక్రమునకు 34 పండ్లు, వెనుక పెద్దదానికి 32 పండ్లు ఉన్నచో, పెడలు ఒకచుట్టు తిరిగిన వెనుకచక్రము ఒకచుట్టునకు కొంచె మెక్కువగా మాత్రమే తిరుగును. ఋషికొండ దగ్గఱి యెక్కుడున దిగి నడువకుండుటకు కావలసినది ఇది గాని, 21 అను సంఖ్య కాదు.

"లేడీసు సైకిలు" గూర్చి యొకమాట. 1990ల తొలినాళ్లలో తమిళనాట పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది పల్లెస్త్రీలు సైకిలు నేర్చిరి. ఆడవారి సైకిళ్లు చాలనప్పుడు వారు మగవారి సైకిళ్లనే యెక్కిరి. అడ్డకమ్మిపై బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునని వాటినే మెచ్చినవారును గలరు. అడ్డకమ్మిని పల్లముచేసినది చీరకు, గౌనుకు అడ్డురాకుండుటకు. చీరతో త్రొక్కువారికది యుపకారమే. లాగు తొడిగి దూరము పోవువారికి మాత్రము త్రికోణపు చట్రమే తేలికయు, గట్టిదియు. దానికి స్త్రీపురుషభేదము లేదు, కొలతల భేదమే కలదు.

ఆ కొలతయే మా యెఱుకలో అన్నిటికన్న ముఖ్యము. రవికెకు టేపు పట్టువారము సైకిలుకు పట్టము. చెప్పులు విడిచి, గోడకానుకొని నిలబడి, కాళ్లనడుమ నొక పుస్తకమును పైకి నొక్కిపట్టి, నేలనుండి దాని పైయంచు వఱకు కొలువవలెను. మా పిల్లకది 73 సెంటీమీటర్లు వచ్చినది. దానిని 0.67తో గుణించిన 49; చట్రపు సీటుగొట్టము ఇంచుమించుగా నంత పొడవుండవలెను. 0.883తో గుణించిన 64.5; పెడళ్లు తిరుగు నిరుసు నడిమినుండి సీటు పైభాగమునకు గల దూరమది. ఈ రెండవ లెక్కకు ప్రచారము తెచ్చినవాడు, ఫ్రాన్సుదేశపు మహాపందెమును 1986, 1989, 1990లలో గెలిచిన అమెరికనుడు గ్రెగ్ లెమాండ్. ఇవి యారంభపు లెక్కలు మాత్రమే. నేటి చట్రములలో పైకమ్మి వెనుకకు వాలియుండును గనుక సీటుగొట్టము పొట్టిగా నుండును. తయారుచేసినవారి పట్టిక చూచి, తుదకు ఎక్కి చూడవలెను. హేండిలు పట్టినప్పుడు మోచేతులు కొంచెము వంగియుండవలెను. చేతులు బిగుసుకొన్నచో బండి పొడుగు. దుకాణమువారు "సీటు దించుదుము, సరిపోవును" అందురు. సీటు దిగును గాని బండి పొట్టిపడదు. పొడుగుబండి కొన్న పిల్ల మెడనొప్పితో, అరచేతుల తిమ్మిరితో రెండునెలలలో మానుకొనును; అప్పుడింటివారు "మేము చెప్పలేదా?" అందురు. మాకీ వ్యవహారమంతటిలో భయము కలిగించినది ఇదొక్కటే. చట్రపు కొలత తప్పినచో, ఆ తప్పు చట్రముది కాదు, ఆడపిల్లదని తీర్మానము జరుగును.

టైరుల సంగతి. రోడ్డుసైకిలు 700సి చక్రమునకు టైరు కూర్చుండు వ్యాసము 622 మిల్లీమీటర్లు. మన పాత నల్లసైకిలు 28 అంగుళముల చక్రమునకది 635. ఒకదాని టైరు మఱొకదానికి పట్టదు. వాల్వును సన్ననిది, ప్రెస్టా యందురు. వీధిమొగ పంక్చరు దుకాణపు పంపు దానికి పట్టవలెనన్న చిన్న యిత్తడిమూత యొకటి జేబులో నుండవలెను. 23 మిల్లీమీటర్ల సన్నటైరులు మన గోతుల కక్కఱకు రావు. 28 మేలు, చట్రములో 32కు చోటున్న మఱియు మేలు.

క్రొత్తదా, వాడినదా? మేము చూచిన వంపుహేండిలు క్రొత్తబండ్లలో ఆమె సొమ్మునకు వచ్చునవి ముందొక చక్రము, వెనుక 7 గలవి. చదునునేలకు చాలును, ఆమె బాట చదునైనది కాదు. (2025 సెప్టెంబరు 22 నుండి సైకిళ్లపై పన్ను 12 శాతమునుండి 5 శాతమునకు తగ్గినది, పాత ధరలపట్టీ చూపువారితో బేరము మానుకొనవలెను.) 2020లో మహమ్మారినాటి యుత్సాహముతో కొని, పిమ్మట వరండాలలో నిలిపిన మంచిబండ్లు నేటికిని అమ్మకమునకు వచ్చుచున్నవి. అట్టిదానిని చూడబోయినప్పుడు స్కేలొకటి వెంట తీసికొనిపోతిమి. గొలుసులో 12 పూర్తిలంకెలు సరిగా 12 అంగుళము లుండవలెను. అంగుళములో పదునాఱవవంతు సాగినచో గొలుసు మార్చవలెను. ఎనిమిదవవంతు సాగినచో వెనుక పండ్లచక్రములును అరిగియుండును, ఆ ఖర్చును ధరలో తగ్గింపవలెను. హేండిలుక్రింది గొట్టము అతుకులకడ రంగు పగిలినదా, ఉబ్బినదా యని వ్రేలితో తడవి చూడవలెను. అచట పగులున్నచో ధర యెంత తక్కువైనను మరలివచ్చుటయే. కార్బనుచట్రమునకు లోపలి దెబ్బ పైకి కనబడకపోవచ్చును గనుక, తొలిసారి కొనువారు వాడిన కార్బనుజోలికి పోకుండుట మంచిది. అల్యూమినియము సముద్రపుగాలికి ఇనుమువలె త్రుప్పుపట్టదు.

మూడవబండి కుదిరినది. అల్యూమినియపు చట్రము, క్లారిస్ గేర్లు, ఆమె కొలత, ధర 22,000. మిగిలిన సొమ్ములో హెల్మెటు, ముందువెనుకల దీపములు, తాళము, 28 టైరులు, రెండు ట్యూబులు, గాలికొలత గల పంపు వచ్చినవి. ఈ సామగ్రికై మొదటనే సొమ్ము తీసి యుంచనివారు దీపము లేకయే తెల్లవాఱుజామున బయలుదేఱుదురు.

ఉప్పుగాలికి గొలుసు త్వరగా త్రుప్పుపట్టుచున్నది గనుక ఆమె వారమునకు రెండుమారులు పాతగుడ్డతో తుడిచి నూనె వేయుచున్నది. నూనె లంకెలలోపల నుండవలెను గాని పైన జిగురుగా నుండరాదు. జిగురున్నచో ఇసుక పట్టును. గాలి విషయమున, 55 కిలోల మనిషికి 28 టైరులో 60 నుండి 65 పౌండ్లు చాలును. దుకాణపు కుఱ్ఱవాడు 100 కొట్టబోయిన నాపవలెను.