నాన్న చదువు

దసరా సెలవులకి ఊరెళ్లినప్పుడు మేం అన్నదమ్ములం, నాన్న కలిసి వ్యాన్‌కి టైమింగ్ బెల్టు, వాటర్ పంపు ఇంటి దగ్గరే మార్చాం. పంపు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఈ బండిలో పంపు విప్పాలంటే బెల్టు తియ్యాల్సిందే. అందుకే రెండూ ఒకేసారి మార్చాం, మళ్లీ విప్పే పని ఉండదు.

మా ఊళ్లో పురిటినొప్పులొచ్చినా, పాము కరిచినా పాడేరు ఆసుపత్రికి పోయేది ఆ వ్యాన్‌లోనే. దారిలో బెల్టు తెగితే ఇంజిన్ అక్కడే ఆగిపోద్ది.

నాన్న బడికి పోలేదు. పాత బెల్టు తియ్యకముందే కింద క్రాంకు పుల్లీ, పైన క్యామ్ పుల్లీ గుర్తుల్ని వాటి గీతలకి సరిగ్గా ఎదురు తెచ్చాడు. "ఒక్క పన్ను తప్పినా బండి సరిగా నడవదురా" అన్నాడు. కొత్తది ఎక్కించి, బిగించాక క్రాంకుని స్పానర్‌తో మెల్లగా 2 చుట్లు తిప్పమన్నాడు. అప్పటికి క్యామ్ 1 చుట్టు తిరిగి గుర్తులు మళ్లీ కలవాలి. కలిశాయి. ఆ తర్వాతే తాళం తిప్పనిచ్చాడు.

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. ప్రతి ఫారంలో తండ్రి చదువు అన్న చోట "లేదు" అని రాస్తూ వచ్చాం. ఈసారి రాయడానికి చెయ్యి రాలేదు.

మీ ఊరి బండికి బెల్టు ఎప్పుడు మార్చారో ఈ సెలవుల్లో అడగండి.