నాచే పుట్టిల్లు

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి బయల్దేరి కొండదారి దాటితే శాంతాక్రూజ్ దగ్గర పసిఫిక్ మహాసముద్రం ఎదురవుతుంది. అక్కణ్నుంచి ఒకటో నంబరు రహదారి పట్టుకుని, వాట్సన్‌విల్ స్ట్రాబెర్రీ తోటల మధ్యగా, మాస్ లాండింగ్ అనే చేపలరేవుకు చేరుకున్నాం. మే నెల వచ్చినా పొద్దుటి పొగమంచు ఇంకా విడలేదు. కారు నడుపుతున్నది మా మేనకోడలు. వాళ్లింట్లో ఉప్పునీటి తొట్టెలో పెరుగుతున్న రెండు సముద్రపు కుందేళ్ల కోసమే మా ప్రయాణం.

సముద్రపు కుందేలు నత్తల జాతిది. చిప్ప పైకి కనిపించదు, చిన్నదై ఒంటి లోపల దాగి ఉంటుంది. తల మీద నిటారుగా లేచే రెండు స్పర్శాంగాల వల్ల ఆ పేరు వచ్చింది. మా మేనకోడలి దగ్గరున్నవి డోలాబెల్లా ఆరిక్యులేరియా అనే రకం. మన మన్నార్ సింధుశాఖలోనూ ఉంటాయి. రాళ్లకు పట్టిన పాచిని మేసి శుభ్రం చేస్తాయని అక్వేరియం దుకాణాల్లో వీటిని అమ్ముతారు. ఈ ప్రాణుల్లో ప్రతి ఒక్కటీ ఆడదీ, మగదీ కూడా. అందుకని ఏ రెండింటిని తెచ్చినా జత కుదురుతుంది. తెచ్చిన కొన్నాళ్లకే ఒక రాతి పక్కన సేమియా ముద్దలా చిక్కుపడిన గుడ్ల దారం కనిపించింది. గుడ్లు పగిలాయి. దీపం వెలుగులో కంటికి ఆనీ ఆనని నలకలు నీళ్లలో తేలాయి. తర్వాత ఒక్కటీ మిగల్లేదు. మళ్లీ పెట్టాయి, మళ్లీ అంతే.

"పుట్టినవన్నీ ఎక్కడికి పోతున్నాయి మావయ్యా?" అని నేను భీమిలి నుంచి వెళ్లిన రోజే అడిగింది.

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ని. నల్లబల్ల మీద గీసి చెప్పగలను. కానీ ఇంత ప్రేమగా అడిగిన పిల్లకు జవాబు సముద్రం దగ్గరే చూపించాలనిపించింది. "రెండు చోట్లకు తీసుకెళ్లమ్మా, అక్కడ మాట్లాడుకుందాం" అన్నాను.

మొదటి చోటు మాస్ లాండింగ్‌ను ఆనుకుని ఉన్న ఎల్క్‌హార్న్ స్లూ. సముద్రపు పాయ ఒకటి నేల లోపలికి సుమారు 11 కిలోమీటర్లు చొచ్చుకుపోయి మెలికలు తిరుగుతుంది. 1979 నుంచి అది జాతీయ పరిశోధనా క్షేత్రం. మేం కయాకులు అద్దెకు తీసుకుని, దారి చూపే కుర్రాడి వెనకే తెడ్లు వేసుకుంటూ వెళ్లాం. నీరు బాగా తీసేసింది. పాయ అంచున సముద్రపు గడ్డి పొడుగాటి ఆకులు నీటి మీద పడుకుని ఉన్నాయి. కుర్రాడు పడవ ఆపి ఒక ఆకును తెడ్డు చివరతో చూపించాడు. ముందు ఆకు తప్ప ఏమీ కనబడలేదు. కాస్సేపటికి ఆకు మీద నల్లని, తెల్లని సన్నగీతలు కదిలాయి. రెండు వేళ్ల వెడల్పంత పొడవున్న ఆకుపచ్చని ప్రాణి, ఆకుకు అతుక్కుని, పైనున్న పాచిని గీకి తింటోంది. ఫిల్లాప్లీసియా టేలరీ. ఇదీ సముద్రపు కుందేలే.

పక్క ఆకు మీద దాని గుడ్లున్నాయి. దారం కాదు, జిగురు పూసినట్టు పలచటి పొర. అందులోంచి బయటపడేవి నీళ్లలో తేలిపోయే నలకలు కావు. పెద్దవాటి పోలికతోనే పుట్టి, పుట్టిన ఆకు మీదే పాకడం మొదలుపెడతాయి. బతుకంతా ఆ గడ్డిలోనే. గడ్డి పోతే వాటికి వేరే చోటు లేదు.

"మా వాటికి కూడా ఇలాగే అయితే ఎంత బాగుండేది!" అంది మా మేనకోడలు. "ఇక్కడైనా గడ్డి ఉండబట్టే కదమ్మా" అన్నాను. ఆ గడ్డి ఎలా నిలబడిందో కుర్రాడు చెప్పుకొచ్చాడు. మేం దాటి వచ్చిన పొలాల్లోని ఎరువు వానతోపాటు ఈ పాయలోకి దిగుతుంది. నైట్రేట్ పెరిగితే గడ్డి ఆకుల మీద పాచి దట్టంగా పట్టి, ఎండ తగలక గడ్డి చచ్చిపోవాలి. ఇక్కడ మాత్రం పరచుకుంటూ వచ్చింది. కారణం సముద్రపు నీటికుక్కలని బ్రెంట్ హ్యూస్, ఆయన తోటి పరిశోధకులు 2013లో రాశారు. నీటికుక్కలు పీతల్ని తింటాయి. పీతలు తగ్గితే సముద్రపు కుందేళ్లు పెరుగుతాయి. అవి పాచిని మేస్తే ఆకుకు ఎండ తగులుతుంది.

వెనక్కి వస్తుంటే నీటికుక్కలు కనిపించాయి. వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద పెట్టుకుని దేన్నో పగలగొడుతున్నాయి. దగ్గరికి పోకూడదు కాబట్టి దూరాన్నే ఆగాం. బొచ్చు కోసం వేటాడితే ఒకప్పుడు కాలిఫోర్నియాలో ఇవి అంతరించాయనే అనుకున్నారు. 1938లో బిగ్ సర్ తీరాన చిన్న మంద కనిపించింది. ఈ పాయలో ఇవి పెరగడానికి పొరుగునున్న మాంటెరే బే అక్వేరియం చేసిన పని పెద్దది. తల్లి లేని పిల్లల్ని అక్కడి ఆడ నీటికుక్కల దగ్గర పెంచి, వేటాడ్డం నేర్చుకున్నాక ఇక్కడ వదిలారు. ఈ మంద పెరిగినదాంట్లో సగానికి పైగా అలా వదిలినవీ, వాటి సంతానమూనట. తొట్టెలో పెంచడం ఫలించిందంటే, పెరిగాక వెళ్లడానికి ఒక చోటు సిద్ధంగా ఉండటం వల్లే. ఆ మాట మా మేనకోడలు తనంతట తనే అంది.

అక్కణ్నుంచి 101 రహదారి మీద రోజంతా దక్షిణానికి ప్రయాణం. లాస్ ఏంజిలిస్ రేవు పక్కనున్న శాన్ పెడ్రోలో రాత్రికి ఆగాం. మేలో, సముద్రం బాగా వెనక్కి తగ్గే పెద్ద పాట్లు తెల్లవారుజామునే వస్తాయి. చీకటితోనే లేచి, నుదుటి మీద దీపాలు కట్టుకుని, కబ్రిల్లో అక్వేరియం పక్కనుంచి పాయింట్ ఫెర్మిన్ రాళ్ల మీదికి దిగాం. నాచు పట్టిన రాళ్లు కాలు నిలవనివ్వవు. మా మేనకోడలు నా చెయ్యి వదల్లేదు.

ఇక్కడ ఉండేది కాలిఫోర్నియా సముద్రపు కుందేలు, అప్లీసియా కాలిఫోర్నికా. మోకాటిలోతు మడుగులో మొదటి జట్టు కనబడింది. వరసగా ఒకదాని వెనక ఒకటి అతుక్కుని ఉన్నాయి. ముందున్నదానికి ప్రతిదీ మగది, వెనకున్నదానికి ఆడది. వాటి కిందే పసుపుపచ్చని గుడ్ల దారాలు గుట్టగా పడి ఉన్నాయి. ఆ గుడ్ల నుంచే కొన్ని ప్రోటీన్లు నీళ్లలోకి వెలువడి మిగతావాటిని రప్పిస్తాయి. ఒకటి పెట్టిన చోటికే పది చేరడం అందుకే.

"ఇందులో ఎన్నుంటాయి మావయ్యా?" అంది. మెక్‌గినిటీ అనే శాస్త్రజ్ఞుడు 1934లో ప్రచురించిన లెక్క చెప్పాను. తొట్టెలో ఉంచిన ఒక్క ప్రాణి నాలుగు నెలల పైచిలుకులో దాదాపు 47.8 కోట్ల గుడ్లు పెట్టింది. ఆ పిల్ల నోట మాట రాలేదు. ఒక జీవి ఇన్ని గుడ్లు పెడుతోందంటే దాదాపు అన్నీ పోతాయన్నమాట. పోవలసినవాటిని కూడా లెక్కలో వేసుకునే పెడుతోంది.

గుడ్డులోంచి వచ్చే లార్వా మిల్లీమీటరులో ఇంచుమించు ఎనిమిదో వంతు. చిన్న చిప్ప, ఈదడానికి రోమాలున్న రెండు రెక్కలు. సుమారు ఐదు వారాలు నడిసముద్రంలో కొట్టుకుపోతూ, తనకన్నా సూక్ష్మమైన శైవలాల్ని తింటుంది. తర్వాత అడుగుకు దిగి, తగిన నాచు తగిలితేనే రూపం మార్చుకుని నత్తపిల్ల అవుతుంది. తగిన నాచు దొరక్కపోతే అంతటితో సరి. డోలాబెల్లా లార్వాదీ ఇదే తీరు. ఇంటి తొట్టెలో అన్ని వారాలు గడిచేదెలా? పంపులు లాగేస్తాయి, ఫిల్టర్లూ స్కిమ్మరూ వడకట్టేస్తాయి, పగడాలు తినేస్తాయి.

ఈ చిక్కుముడి విప్పడానికి శాస్త్రజ్ఞులకే చాలాకాలం పట్టింది. కాలిఫోర్నియా సముద్రపు కుందేలు నాడీకణాలు కొన్ని విడిగా కంటికి కనిపించేంత పెద్దవి. జ్ఞాపకం ఎలా ఏర్పడుతుందో వాటిలో వెతికిన ఎరిక్ కాండెల్‌కు 2000లో నోబెల్ బహుమతి పంచారు. ఆయనా, క్రీగ్‌స్టైన్, కాస్టెలూచీ కలిసి 1974లో ఈ జాతిని మొదటిసారి ప్రయోగశాలలో గుడ్డు నుంచి పిల్ల దాకా పెంచగలిగారు. లార్వాలు దిగడానికి లారెన్సియా అనే ఎర్రనాచు అందించడం అందులో కీలకం. 1977లో హవాయిలో స్విట్జర్-డన్‌లాప్, హ్యాడ్‌ఫీల్డ్ అనే ఇద్దరు మరో నాలుగు జాతుల్ని అలాగే పెంచారు. వాటిలో మా మేనకోడలి ఇంట్లో ఉన్న డోలాబెల్లా ఒకటి. అది విన్నాక ఆమె ముఖం వికసించింది. అసాధ్యం కాదు, చాలా ఓపిక కావాలి, అంతే.

తెల్లారేసరికి మడుగుల రంగులు తేటపడ్డాయి. అడుగంతా ఎర్రనాచు. ఎవరో పిల్లాడి కాలు తగిలి ఒక కుందేలు ఊదారంగు సిరా వదిలింది. ఆ రంగు అది తిన్న ఎర్రనాచుదే. కాస్త అవతల గోధుమరంగు నాచు మేస్తూ నల్లటి సముద్రపు కుందేలు ఒకటి, చంటిపిల్లంత బరువుండేది, పడుకుని ఉంది. దానికి ఊదారంగు సిరా లేదు, ఎర్రనాచు తినదు కనుక. డోలాబెల్లా ఒంట్లో దొరికిన డోలాస్టాటిన్ 10 అనే విషానిదీ అదే కథ. దాన్ని నమూనాగా తీసుకుని చేసిన క్యాన్సర్ మందు 2011లో అమెరికాలో వాడకానికి వచ్చింది. ఆ విషం కూడా కుందేలు సొంతంగా చేసుకున్నది కాదు, మేసిన సూక్ష్మజీవుల నుంచి వచ్చింది. రంగు, రక్షణ, ఒంట్లోని మందు, చివరికి పిల్ల తొలిసారి కాలూనే నేల, అన్నీ దానికి మేత ఇచ్చినవే.

పోటు మొదలవుతుంటే ఒడ్డుకు ఎక్కాం. "మళ్లీ గుడ్లు పెడితే ఏం చెయ్యను మావయ్యా?" అంది.

ఏం చెప్పాలో అప్పటికి నాకు స్పష్టంగానే ఉంది. రాళ్ల మీద పాచి అయిపోతే ఆ రెండూ ఆకలితో చచ్చిపోతాయి. తొట్టెల్లో ఎన్నో అలాగే పోతున్నాయి. కాబట్టి ముందు వాటి కడుపు చూడు. ఎండు నోరి రేకులు పెట్టు, అదీ నాచే. పంపుల నోళ్లకు జాలీ కట్టు. పక్కన ఇంకో చిన్న తొట్టె పెట్టి నాచు పెంచు. అది నెలల తరబడి పచ్చగా నిలిస్తే అప్పుడు ఒక గుడ్ల దారం విడిగా తీసి ప్రయత్నిద్దాం. నిలవకపోతే కొత్తవి కొనకు, ఉన్నవాటిని చక్కగా బతకనియ్యి.

ఆమె ఒప్పుకుంది. మరో తొట్టె పట్టే చోటు ఇంట్లో ఎక్కడుందో దారి పొడుగునా లెక్కలు వేసింది. సముద్రపు కుందేలును ఇంటికి తెచ్చుకోవాలనుకునే ఎవరికైనా నేను చెప్పేది ఇదే. ముందు నాచును బతికించండి. అది చేతనైనవాళ్ల దగ్గరే ఆ ప్రాణికీ, దాని పిల్లలకూ చోటు ఉంటుంది.