అవిసె నూనె, అల్లుడుగారి తుపాకి

పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడు తుపాకిని గూర్చి వ్రాయడమేమిటని చదువరులు నవ్వుకోవచ్చు. తొలినాడు నాకూ నవ్వే వచ్చింది.

2022 సెప్టెంబరులో నేనూ మా ఆవిడా ఫిలడెల్ఫియా శివార్లలో ఉన్న మా అమ్మాయి యింటికి వెళ్లాము. అల్లుడుగారు మితభాషి. పెళ్లయిన పదకొండేళ్లలో మా యిద్దరి మధ్య జరిగిన సంభాషణనంతా కూడితే ఒక పీరియడు నిండదు. "ప్రయాణం బాగా జరిగిందా మామయ్యగారూ?" "బాగానే జరిగింది బాబూ." అంతే.

ఆ యేడు ఆయన ఆఫీసు మిత్రులతో జింకల వేటకు వెళ్లాలని సంకల్పించారు. పెన్సిల్వేనియాలో థాంక్స్‌గివింగ్ పండుగ వెళ్లిన శనివారంనాడు రైఫిలు వేట మొదలవుతుంది. 2019కి ముందు సోమవారం మొదలయ్యేదట; ఆనాడు పల్లెల్లో చాలా బడులకు సెలవు కూడా. మా అమ్మాయికి యిది సుతరామూ గిట్టలేదు. నాకు మాత్రం గిట్టుతుందా? శాకుంతలం మొదటి అంకంలో, విల్లెక్కుపెట్టిన దుష్యంతుణ్ణి ఆపి లేడిని కాచిన తాపసుల కథను ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పినవాణ్ణి. అయినా అల్లుడి యింట అతిథిని. నోరు మెదపలేదు.

ఒకనాటి సాయంకాలం గరాజులో ఆయన ఒక కొయ్యను ఉప్పుకాగితంతో రుద్దుతూ కనిపించారు. తుపాకి గొట్టాన్ని యిముడ్చుకొని, భుజానికి ఆనే భాగమది. స్టాక్ అంటారు. మెరుగు పెట్టని దాన్ని కొని తెచ్చుకున్నారు. గోధుమరంగు చార, బూడిదరంగు చార ఒకదాని ప్రక్కన ఒకటి. కొయ్య వంపు తిరిగినచోటల్లా ఆ చారలు పటంలో కొండల ఎత్తులు చూపే గీతల్లా మెలికలు తిరిగాయి. ఇది ఒకే మాను నుండి చెక్కినది కాదట. బర్చి చెట్టు చెక్కను పలుచని పొరలుగా తీసి, రంగు పట్టించి, జిగురుతో తడిపి, గొప్ప ఒత్తిడితో ఒకటిగా అతికిస్తారు. బర్చి అన్నది మన భూర్జమే; ఆ రెండు మాటలూ ఒకే మూలం నుండి వచ్చినవి. మన పూర్వులు గ్రంథాలు వ్రాసుకున్న పట్ట ఆ జాతి చెట్టుదే. అక్రోటు కొయ్య వానకూ చలికీ కొద్దిగా వంగినా గొట్టానికి తగిలి గురి తప్పుతుందనీ, పొరల కొయ్య అంత సులువుగా వంగదనీ అల్లుడుగారు చెప్పారు. బరువు మాత్రం ఎక్కువ. జర్మన్లు తమ సైనికుల తుపాకులకు 1930ల చివరనుండే యిట్టి కొయ్యలు వాడారు.

"దీనికి ఏం పూయాలో తేలడం లేదు మామయ్యగారూ. మీ పాతింటి తలుపులకు ఏం రాసేవారు?"

పదకొండేళ్లకు ఒక ప్రశ్న! నేను పొంగిపోయాను. మా నాన్నగారు ఏటా ఉగాదికి ముందు సింహద్వారానికి అవిసె నూనె పట్టించేవారు. నూనెగుడ్డ నా చేతిలో, ఆజ్ఞ ఆయన నోట. ఆ టేకు తలుపు దప్పిగొన్న ఎద్దులాగ నూనెను త్రాగేది. "అవిసె నూనెను మించినది లేదు" అని తీర్పు చెప్పేశాను. ఆ వేట నాకు సమ్మతం కాదన్న సంగతి ఆ క్షణాన జ్ఞాపకమైనా రాలేదు.

మరునాడు ఆయన డబ్బా తెచ్చారు. పేరుకు కాచిన నూనె. నిజానికి త్వరగా ఆరడానికి లోహలవణాలు కలిపినది. కొయ్య పొడవు సరిచేసేటప్పుడు కోసిన ముక్క ఒకటి ఉన్నది. దాని మీద చూద్దామన్నారు. నేను టేకు తలుపుకు పోసినంత ఉదారంగా పోశాను. మూడునాళ్లయినా వేలికి అంటుకుంటూనే ఉన్నది. బూడిదరంగు చార పసుపు తిరిగింది. జిగురును కడుపునిండా త్రాగిన కొయ్య యింక నూనె నెక్కడ త్రాగుతుంది? అల్లుడుగారు ఏమీ అనలేదు. అది మరీ కష్టంగా తోచింది.

అసలు అపరాధం వేరే ఉన్నది. చేతులు తుడుచుకున్న గుడ్డలను నేను ఉండగా చుట్టి, మూలనున్న అట్టపెట్టెలో పడవేశాను. ఆ సాయంత్రం మనుమరాలు "తాతయ్యా, ఏదో వాసన" అన్నది. అల్లుడుగారు పరుగున వెళ్లి ఆ గుడ్డలను పట్టకారుతో బయటకు లాగి నీళ్లు కుమ్మరించారు. ఉండ లోపల నల్లగా కమిలి ఉన్నది. అవిసె నూనె గాలిని పీల్చుకొని ఆరుతుంది. ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక నిప్పే అవుతుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల మెరిడియన్ ప్లాజా భవనం యిట్టి గుడ్డల వల్లనే అంటుకున్నది. ముగ్గురు అగ్నిమాపకులు మరణించారు. ఈ కథను ఆయన నెమ్మదిగా చెప్పి, "మీకు తెలియదు కదా మామయ్యగారూ, డబ్బా మీద రాసి ఉంది, నేనైనా చెప్పవలసింది" అన్నారు. లక్కయిల్లు కట్టిన పురోచనుడు తెలిసి చేశాడు. నేను తెలియక చేయబోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనుమరాలి గది ఆ గరాజు పైనే.

తరువాత పదిరోజులు మేమిద్దరం కొయ్యముక్క ముందు కూర్చున్నాము. లక్క సంగతి నేనే ఎత్తాను. మన ఏటికొప్పాక బొమ్మల నిగనిగ దానిదే. సోవియట్ తుపాకులకు ఆ పూత వేసేవారని ఆయన అన్నప్పుడు నాకు గర్వంగా కూడా అనిపించింది. కాని లక్కపూత తడికి తెల్లబారుతుంది, సారాయి తగిలితే కరుగుతుంది. మంచులో తిరిగే కొయ్యకు పనికిరాదు. అద్దంలా మెరిసే పాలీయురెథేన్‌ను ఆయనే వద్దన్నారు. ఎండలో తళుక్కుమంటే జింక కనిపెట్టేస్తుంది. (అట్లయితే అదే పూయండి అని నోటిచివరిదాకా వచ్చింది.) చివరకు అదే జాతిలో మెరుపు తక్కువది, గుడ్డతో పలుచగా పూసేది, నిశ్చయించుకున్నాము. తడిగుడ్డతో తుడిస్తే లేచి నిలిచే నూగును మళ్లీ రుద్ది, ఒక్కొక్క పూతనూ రాత్రంతా ఆరనిచ్చి, నడుమ సన్నటి కాగితంతో నునుపు చేసి, ఆరు పూతలు. గొట్టం కూర్చునే గాడి లోపల కూడా పూశాము. తేమ అటునుండి ఎక్కుతుందట. వాడిన ప్రతి గుడ్డనూ కంచె మీద విప్పి ఆరవేశాను. ఆ పనిలోనే ఆయన తన తండ్రిని గురించి, చిన్నప్పుడు పోయిన చెల్లెలిని గురించి చెప్పారు. ఆ చెల్లెలి మాట మా అమ్మాయికి కూడా తెలియదు.

మా అమ్మాయి నాతో రెండునాళ్లు మాట్లాడలేదు. "మీరు కూడానా నాన్నా?" అన్నది. నా దగ్గర సమాధానం లేదు. కొయ్య మాత్రం చాలా అందంగా వచ్చింది.

వేట మొదలైన తరువాత ఒక శనివారం ఆయన చీకటి పడ్డాక వాన తుంపరలో తిరిగివచ్చారు. గుళ్లు తీసిన తుపాకిని గరాజు బల్లమీద ఉంచారు. నీరు పూత మీద బొట్లుబొట్లుగా నిలిచి ఉన్నది, ఒక్కటీ ఇంకలేదు. మెత్తని గుడ్డతో తుడిచాను. అలవాటు చొప్పున ఆ గుడ్డను విప్పి ఆరవేశాను. వేట ఏమయిందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కారు డిక్కీ వైపు చూడకుండా లోపలికి వచ్చేశాను.