ఎడారిలో నేనాడిన అబద్ధం

దీనిని సాక్ష్యమని అనలేను. సాక్ష్యంలో దేవుడు చేసిన మేలు చెప్పుకుంటాం. నేను రాస్తున్నది నేను చేసిన పని గురించి. అది తప్పో కాదో నాకు ఈనాటికీ తేలలేదు.

హైదరాబాదు హైటెక్ సిటీలో నేను పనిచేసే కంపెనీ 2016లో నన్ను కువైటు పంపింది. రెండేండ్లున్నాను. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు గనుక మన ఆరాధన శుక్రవారమే. నూరేండ్ల క్రితం వచ్చిన అమెరికా మిషనెరీ డాక్టర్ల పనిలోనుండి పుట్టిన ఇవాంజెలికల్ చర్చి ఒకటి ఆ పట్టణంలో ఉంది. దాని ఆవరణలో అరబ్బీ, తమిళం, మలయాళం, తెలుగు, ఇలా ఒక భాషవారి కూడిక ముగిసేసరికి ఇంకొకరు గుమ్మంలో ఉంటారు.

ఆరాధన అయ్యాక ఏడెనిమిదిమందిమి వ్యాను ఎక్కి వఫ్రా వెళ్లేవాళ్లం. అది దక్షిణాన సౌదీ సరిహద్దు దగ్గర, పట్టణానికి దాదాపు నూరు కిలోమీటర్లు. నీళ్ల సీసాలు, బియ్యం, ఆవకాయ, సబ్బులు, ఓఆర్ఎస్ పొట్లాలు, కాలి పగుళ్లకు మందు తీసుకెళ్లేవాళ్లం. ఆ దేశస్థులకు సువార్త ప్రకటించడానికి చట్టం ఒప్పదు, మేము ప్రకటించనూ లేదు. మేము వెళ్లింది మనవాళ్ల దగ్గరికి. కువైటులో మన దేశస్థులు సుమారు పది లక్షలు. అందులో కడప సీమవాళ్లు, గోదావరి జిల్లాలవాళ్లు ఏ వీధిలో నిలబడినా కనబడతారు. ఎడారిలో ఉన్నవాళ్లే ఎవరికీ కనబడరు.

వఫ్రాలో మొదట దోస, టమాటా పండించే గ్రీన్‌హౌస్‌లు వస్తాయి. అవి దాటితే ఇసుక, రేకుల కొట్టాలు, గొర్రెల దొడ్లు. తాగే నీళ్లు ట్యాంకరు తెచ్చి పోయాలి. మధ్యాహ్నానికి తొట్టిలో నీళ్లు చేయి పెట్టనివ్వవు. మన రెంటచింతల ఎండ ఎరిగినవాడినే నేను. కానీ 2016 జూలై 21న ఆ దేశంలోని మిత్రిబా అనేచోట 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుండి ఆగస్టు వరకు పగలు 11 నుండి 4 దాకా బయట పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. అది గొర్రెలకు తెలియదు గదా! చలికాలపు రాత్రుల్లో అదే చోట వణుకు పుడుతుంది. హాగరు నీళ్లతిత్తి ఖాళీ అయిన సంగతి చిన్నప్పటి సండేస్కూలులో ఎన్నిసార్లు విన్నానో! అక్కడికి వెళ్లాకగాని అర్థం కాలేదు.

అక్కడే ఒక రాజంపేట అన్న పరిచయమయ్యాడు. కారు డ్రైవరు పని అని చెప్పి ఏజెంటు లక్ష రూపాయలు తీసుకున్నాడట. దిగాక కఫీల్ ఆయన చేతికి కర్ర ఇచ్చాడు. నూట ఇరవై గొర్రెలు, ఒక ఖుబ్బూస్ సంచి, ఒక రేకుల గది. మోషే కూడా పరాయి దేశంలో మామ మందను మేపాడు కదన్నా అని ఒకనాడు ఓదార్చబోయాను. "ఆయన మామ కూతుర్నిచ్చినాడు సార్, నాకు జీతమే ఇయ్యడంలేదు" అన్నాడు. ఇద్దరం నవ్వాం. అటు తరువాత నేను ఓదార్చడం మానుకున్నాను.

2017 జూలైలో ఒక శుక్రవారం నా ఫోను అడిగాడు. మూడు నెలలుగా ఇంటితో మాట్లాడలేదట. అవతల భార్య గొంతు వినగానే ఆయన మాట పడిపోయింది. ఫోను నా చేతిలో పెట్టి, "కారు నడుపుతాండానని చెప్పు సార్. గొర్రెలని తెలిస్తే అది కూడు తినదు" అన్నాడు.

"ఎట్లుండాడు సార్?" అని ఆమె అడిగింది.

"బాగున్నాడమ్మా. కారు కడుగుతున్నాడు, చేతులు తడిగా ఉన్నాయి" అన్నాను. ఆ రెండో మాట ఎవరూ చెప్పమనలేదు, నేనే కల్పించాను.

"గదిలో ఏసీ ఉండాదా?"

"ఉందమ్మా."

"దేవుడు మిమ్మల్ని సల్లగా సూస్తాడు" అని ఆమె ప్రార్థన చేసింది. ఫోను చెవికి పెట్టుకుని ఆమేన్ అన్నాను. ఆ ఆమేన్ ఇంకా నన్ను వదలలేదు.

2018 జనవరి చివర అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. అఖామా గడువు తీరినవాళ్లు జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చు. ఫిబ్రవరి 22 వరకన్న గడువును ఏప్రిల్ దాకా పెంచారు. మేమంతా పనులు పంచుకుని అవుట్‌పాస్ ఫారాలు నింపాం. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర చిక్కుకుపోయిన రాజంపేట అన్న కూడా అలాగే వెళ్లాడు. బయలుదేరే ముందు నా చెయ్యి పట్టుకుని, "ఎవరడిగినా కారే సార్" అన్నాడు.

నేనూ తిరిగొచ్చాను. గత సంవత్సరం ఆయన కొడుకు ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాదు వచ్చాడు. తండ్రి నా నంబరు రాసిచ్చాడట. మాదాపూర్‌లో ఒక టీ బండి దగ్గర కూర్చున్నాం. ఎదురుగా 1998లో కట్టిన సైబర్ టవర్స్. అబ్బాయి దానికేసి కాసేపు చూసి అడిగాడు: "మా నాయన ఏం కారు నడిపేవాడు సార్? అడిగితే నవ్వి ఊరుకుంటాడు."

ఈసారి నా నోట అబద్ధం రాలేదు. అంతా చెప్పాను. ఈనిన గొర్రెకు ఎండ తగలకుండా తన దుప్పటి కట్టిన సంగతి కూడా చెప్పాను. అబ్బాయి గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఎన్ని గొర్రెలు సార్?"

"నూట ఇరవై."

లేచి, టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వకుండా తనే ఇచ్చాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "అమ్మకు చెప్పొద్దు సార్" అన్నాడు.